లినక్సు కెర్నెలులో విద్యుత్ నిర్వహణ, హార్డువేరు మద్దతు

లినక్సు కెర్నెలులో విద్యుత్ నిర్వహణ అనేది కంప్యూటరులోని ప్రాసెసరు, డిస్కు, తెర, నెట్‌వర్కు కార్డు మొదలైన భాగాలు పని లేని సమయంలో తక్కువ విద్యుత్తు వాడుకొనేలా చేసే ఏర్పాటు. ఏయే భాగాలను కెర్నెలు గుర్తించి నడపగలదు అనేది హార్డువేరు మద్దతుకు సంబంధించిన విషయం. ఈ రెంటినీ కెర్నెలును కంపైలు చేయడానికి ముందు ఎంపికల రూపంలో నిర్దేశించవచ్చు. ఈ పనిని కెర్నెలు కాన్ఫిగరేషను అంటారు.

పైకి ఇవి రెండు వేర్వేరు విషయాలుగా కనిపించినా, నిజానికి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒక పరికరాన్ని సక్రమంగా నిద్రపుచ్చి తిరిగి మేల్కొలిపే పని ప్రధానంగా దాని డ్రైవరుదే. డ్రైవరు లేని పరికరం దానంతట అది ఆరిపోదు. ఫర్మ్‌వేరు వదిలిపెట్టిన స్థితిలోనే విద్యుత్తు వాడుకొంటూ ఉండిపోయే అవకాశముంది. అందువల్ల ఒక్క పరికరానికి సరైన డ్రైవరు లేకపోయినా మొత్తం యంత్రం చేయవలసిన ఆదా దెబ్బతినవచ్చు.

ఈ వ్యాసంలో ఆదేశాలు, ఫైళ్ళ పేర్లు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని రోమను లిపిలో టైపు చేయాలి.

నేపథ్యం

వ్యక్తిగత కంప్యూటర్లలో విద్యుత్ నిర్వహణకు తొలి ప్రమాణాలలో ముఖ్యమైనది ఏపీఎమ్. దీనిని ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1992లో విడుదల చేశాయి. ఈ పద్ధతిలో నిర్ణయాధికారం చాలావరకు బయాస్‌దే. ఆపరేటింగు సిస్టము విన్నవించుకుంటే బయాస్ అమలు చేసేది. ఏ ప్రోగ్రాము నడుస్తున్నదో, ఏ పరికరం నిజంగా ఖాళీగా ఉన్నదో బయాస్‌కు తెలియదు కనుక ఈ పద్ధతి పూర్తి ఫలితాన్ని ఇవ్వలేకపోయింది.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని వెలువరించాయి. ఇందులో అధికారం ఆపరేటింగు సిస్టముకు బదిలీ అయింది. ఫర్మ్‌వేరు తన యంత్రంలోని పరికరాల వివరాలను, వాటిని నడపవలసిన పద్ధతులను పట్టికల రూపంలో అందిస్తుంది. వాటిని ఎప్పుడు ఎలా ఉపయోగించాలో కెర్నెలు నిర్ణయిస్తుంది. ఈ పట్టికలలో ప్రధానమైన దానిని డీఎస్‌డీటీ అంటారు. ఇందులోని పద్ధతులు ఏఎమ్ఎల్ అనే బైట్‌కోడులో ఉంటాయి. దానిని చదివి అమలు చేయడానికి ఇంటెల్ రూపొందించిన ఏసీపీఐసీఏ అనే భాగం లినక్సు కెర్నెలులో ఉన్నది. 2013లో ఏసీపీఐ ప్రమాణ బాధ్యత యూఈఎఫ్ఐ ఫోరమ్‌కు అప్పగించబడింది.

ఏసీపీఐ పట్టికలను తయారుచేసే కంపెనీలు వాటిని సాధారణంగా విండోస్‌తో పరీక్షిస్తాయి. అందువల్ల పట్టికలోని కోడు "నీవు ఏ ఆపరేటింగు సిస్టము" అని ప్రశ్నించినపుడు లినక్సు కెర్నెలు తాను విండోస్‌కు అనుకూలమని సమాధానమిస్తుంది. లేనిపక్షంలో ఎవరూ పరీక్షించని దారిలో ఫర్మ్‌వేరు నడిచే ప్రమాదముంది.

ఏసీపీఐ స్థితులు

ఏసీపీఐ వేర్వేరు స్థాయిలలో స్థితులను నిర్వచిస్తుంది. వీటిలో ముఖ్యమైనవి:

* ఎస్0: యంత్రం పని చేస్తున్న స్థితి.
* ఎస్1: ప్రాసెసరు ఆగి ఉంటుంది, కానీ ప్రాసెసరుకు, మెమరీకి విద్యుత్తు అందుతూ ఉంటుంది.
* ఎస్3: మెమరీకి తప్ప దాదాపు అన్ని భాగాలకు విద్యుత్తు ఆగిపోతుంది. దీనిని సస్పెండు అని వ్యవహరిస్తారు.
* ఎస్4: మెమరీలోని విషయాన్ని డిస్కుపై భద్రపరచి యంత్రం ఆగిపోతుంది. దీనిని హైబర్నేషను అంటారు.
* ఎస్5: యంత్రం ఆపివేయబడిన స్థితి.

ఇవి యంత్రం మొత్తానికి వర్తించేవి. ఒక్కొక్క పరికరానికి డీ0 నుండి డీ3 వరకు, ప్రాసెసరు విశ్రాంతికి సీ0, సీ1, సీ2, సీ3 మొదలైన స్థితులు ఉన్నాయి. ప్రాసెసరు పనిచేస్తున్నప్పటి వేగ స్థాయిలను పీ స్థితులు అంటారు. సంఖ్య పెరిగిన కొద్దీ వాడకం తగ్గుతుంది. విశ్రాంతి స్థితుల విషయంలో, లోతు పెరిగిన కొద్దీ తిరిగి మేల్కొనడానికి పట్టే సమయం కూడా పెరుగుతుంది.

కాన్ఫిగరేషను పద్ధతి

లినక్సు కెర్నెలులోని ఎంపికలను వర్ణించడానికి కేకాన్ఫిగ్ అనే చిన్న భాష ఉన్నది. రోమన్ జిప్పెల్ రూపొందించిన ఈ పద్ధతి 2002లో 2.5 శ్రేణి కెర్నెలులో చేరింది. వాడుకరి ఎంచుకున్న విలువలన్నీ "డాట్ కాన్ఫిగ్" అనే ఒకే ఫైలులో భద్రపరచబడతాయి. చాలా ఎంపికలకు మూడు విలువలు ఉండవచ్చు:

* వై: ఆ భాగం కెర్నెలులోనే అంతర్భాగమవుతుంది.
* ఎమ్: ఆ భాగం విడి మాడ్యూలుగా తయారవుతుంది, అవసరమైనపుడు మెమరీలోకి తెచ్చుకోవచ్చు.
* ఎన్: ఆ భాగం అసలు కంపైలు కాదు.

ఎంపికలు చేయడానికి తరచుగా వాడే ఆదేశాలు ఇవి:

* మేక్ డెఫ్‌కాన్ఫిగ్: ఆ ప్రాసెసరు రకానికి సాధారణంగా సరిపోయే విలువలతో కొత్త ఫైలు తయారు చేస్తుంది.
* మేక్ మెనూకాన్ఫిగ్: ఎంపికలను మెనూల రూపంలో చూపుతుంది. విద్యుత్తుకు సంబంధించిన ముఖ్యమైన ఎంపికలు "పవర్ మేనేజ్‌మెంట్ అండ్ ఏసీపీఐ ఆప్షన్స్" అనే మెనూలో, పరికరాల డ్రైవర్లు "డివైస్ డ్రైవర్స్" అనే మెనూలో ఉంటాయి.
* మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్: పాత కెర్నెలు ఫైలును కొత్త కెర్నెలుకు వాడుకొంటూ, కొత్తగా చేరిన ఎంపికలను మాత్రమే అడుగుతుంది.
* మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్: ప్రస్తుతం మెమరీలో ఉన్న మాడ్యూళ్ళను మాత్రమే ఉంచి, మిగిలినవాటిని తొలగిస్తుంది. స్టీవెన్ రోస్టెడ్ రాసిన ఈ సౌకర్యం 2009లో 2.6.32తో వచ్చింది.

చివరి ఆదేశం వల్ల కంపైలు సమయం బాగా తగ్గుతుంది. అయితే ఆ క్షణంలో తగిలించి లేని పరికరాల డ్రైవర్లు కూడా తొలగిపోతాయి. కనుక ముందుగానే ప్రింటరు, యూఎస్‌బీ డిస్కు, వెబ్‌క్యామ్ వంటివి ఒకసారి తగిలించి, వాటి మాడ్యూళ్ళు మెమరీలోకి వచ్చిన తరువాతనే ఈ ఆదేశం ఇవ్వడం మంచిది.

ఎంపికలు పూర్తయ్యాక మేక్, మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్, మేక్ ఇన్‌స్టాల్ అనే ఆదేశాలను వరుసగా ఇస్తారు. చివరి రెండింటికి రూట్ వాడుకరి అధికారం అవసరం.

హార్డువేరు మద్దతు

యంత్రంలో ఏమున్నదో తెలియకుండా ఎంపికలు చేయడం సాధ్యం కాదు. పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు తమను తాము తెలియజేసుకుంటాయి. ప్రతి పరికరంలోను తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య ఉంటాయి. ఉదాహరణకు పీసీఐ పరికరాలలో ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086. డ్రైవరు తాను ఏయే సంఖ్యలు గల పరికరాలను నడపగలదో ఒక పట్టికలో చెబుతుంది. ఈ రెండు సరిపోలినపుడు యూడెవ్ అనే ప్రోగ్రాము తగిన మాడ్యూలును మెమరీలోకి తెప్పిస్తుంది. ఎల్ఎస్‌పీసీఐ ఆదేశానికి "-కె" జతచేస్తే ఒక్కొక్క పరికరాన్ని ఏ డ్రైవరు నడుపుతున్నదో తెలుస్తుంది. డ్రైవరు పేరు కనిపించని పరికరాలను ముందుగా పరిశీలించాలి.

డ్రైవరు ఉన్నా కొన్ని పరికరాలు పనిచేయవు. వైర్‌లెస్ కార్డులు, గ్రాఫిక్సు కార్డులు అనేకం తమలో నడిచే ఫర్మ్‌వేరు ఫైలును ప్రారంభ సమయంలో కెర్నెలు నుండి కోరుకుంటాయి. ఈ ఫైళ్ళు లినక్సు-ఫర్మ్‌వేర్ అనే వేరే సంకలనంలో లభిస్తాయి. ఫైలు దొరకనపుడు ఆ సంగతి డీమెసెజ్ ఆదేశం చూపే సందేశాలలో నమోదవుతుంది.

రూట్ ఫైలు వ్యవస్థ ఉన్న డిస్కు కంట్రోలరు డ్రైవరు, ఆ ఫైలు వ్యవస్థ డ్రైవరు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. వీటిని కెర్నెలులో అంతర్భాగం చేయాలి, లేదా మాడ్యూళ్ళుగా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే ప్రారంభ చిత్రంలో చేర్చాలి. ఎందుకంటే మాడ్యూలును చదవాలంటే డిస్కు కావాలి, డిస్కును చదవాలంటే ఆ మాడ్యూలే కావాలి. ఇది మరచినపుడు కెర్నెలు రూట్ ఫైలు వ్యవస్థను చేరలేక పానిక్ సందేశంతో ఆగిపోతుంది.

ల్యాప్‌టాపులలో ఏసీపీఐ ఎంపికల కింద బ్యాటరీ, ఏసీ అడాప్టరు, బటను, ఫ్యాను, ప్రాసెసరు, ఉష్ణ మండలం అనే డ్రైవర్లు ఉంటాయి. బ్యాటరీ డ్రైవరు లేకపోతే మిగిలిన ఛార్జి తెరపై కనిపించదు. ఉష్ణ మండలం డ్రైవరు ప్రాసెసరు మితిమీరి వేడెక్కినపుడు ఫ్యానును నడపడానికి, వేగాన్ని తగ్గించడానికి, అవసరమైతే యంత్రాన్ని ఆపడానికి ఉపయోగపడుతుంది. అందువల్ల పరిమాణం తగ్గించే ఉద్దేశంతో దీనిని తీసివేయడం తగదు.

ప్రాసెసరు విద్యుత్ నిర్వహణ

వేగం

ప్రాసెసరు పనిచేసేటపుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని పౌనఃపున్యానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగాన్ని, వోల్టేజిని చెరి 20 శాతం తగ్గిస్తే ఈ విద్యుత్తు 0.8 ఘనం, అంటే 0.512 వంతుకు తగ్గుతుంది. అదే పని పూర్తికావడానికి 1.25 రెట్లు సమయం పడుతుంది కనుక ఆ పనికి మొత్తం శక్తి 0.64 వంతు అవుతుంది. అయితే ఆ అదనపు సమయంలో తెర, మెమరీ వంటివి కూడా మేల్కొనే ఉంటాయి. అందువల్ల కొన్ని సందర్భాలలో పనిని వేగంగా ముగించి లోతైన విశ్రాంతికి వెళ్ళడమే లాభదాయకం.

ఈ వేగాన్ని నియంత్రించే భాగం సీపీయూఫ్రీక్. ఎప్పుడు ఏ వేగం ఉండాలో నిర్ణయించేవాటిని గవర్నర్లు అంటారు:

* పర్ఫార్మెన్స్: ఎల్లప్పుడూ గరిష్ఠ వేగాన్ని కోరుతుంది.
* పవర్‌సేవ్: ఎల్లప్పుడూ కనిష్ఠ వేగాన్ని కోరుతుంది.
* యూజర్‌స్పేస్: నిర్ణయాన్ని బయటి ప్రోగ్రాముకు వదిలేస్తుంది.
* ఆన్‌డిమాండ్: నిర్ణీత వ్యవధులలో పనిభారాన్ని చూసి, అది ఒక హద్దు దాటగానే గరిష్ఠ వేగానికి వెళుతుంది. దీని పనితీరును ఇంటెల్ ఇంజనీర్లు వెంకటేశ్ పల్లిపాడి, అలెక్సీ స్టారికోవ్‌స్కీ 2006లో ఒక పత్రంలో వివరించారు.
* కన్సర్వేటివ్: వేగాన్ని అంచెలంచెలుగా మారుస్తుంది.
* షెడ్‌యూటిల్: కెర్నెలులోని షెడ్యూలరు లెక్కలనే నేరుగా వాడుకుంటుంది. ఇది 2016లో 4.7తో వచ్చింది.

ఇంటెల్ ప్రాసెసర్ల కోసం 2013లో 3.9తో వచ్చిన ఇంటెల్ పీస్టేట్ డ్రైవరులో కూడా పవర్‌సేవ్ అనే పేరున్నది. పేరు ఒకటే అయినా, ఆ డ్రైవరు స్వయంగా నిర్ణయాలు తీసుకునే విధానంలో ఉన్నపుడు ఇది కనిష్ఠ వేగం వద్దనే నిలిచిపోదు. పనిభారాన్ని బట్టి వేగాన్ని మారుస్తుంది.

విశ్రాంతి

చేయవలసిన పని లేనపుడు ఏ సీ స్థితికి వెళ్ళాలో సీపీయూఐడిల్ అనే భాగం నిర్ణయిస్తుంది. ఇది 2008 జనవరిలో 2.6.24తో వచ్చింది. ఎంతసేపు విశ్రాంతి దొరుకుతుందో ఇది ముందుగా అంచనా వేయాలి. అతి స్వల్ప విరామం కోసం లోతైన స్థితికి వెళితే, వెళ్ళి రావడానికయ్యే ఖర్చు ఆదాను మించిపోతుంది.

ఈ విశ్రాంతికి ఒకప్పుడు పెద్ద ఆటంకం కెర్నెలు గడియారపు టిక్కు. 2.4 శ్రేణిలో ఎక్స్86 యంత్రాలపై ఇది సెకనుకు 100 సార్లు వచ్చేది. 2.6 శ్రేణి మొదట్లో దీనిని 1000కి పెంచారు. అంటే ఏ పనీ లేకపోయినా ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి ప్రాసెసరు మేల్కొనేది. 2005లో 2.6.13తో ఈ సంఖ్య కాన్ఫిగరేషనులో ఎంచుకొనే అంశమైంది. సహజ విలువ 250గా నిర్ణయించబడింది. 2007 ఏప్రిల్‌లో 2.6.21తో విరామ సమయంలో టిక్కునే ఆపివేసే సౌకర్యం వచ్చింది. అదే సంవత్సరం ఇంటెల్ విడుదల చేసిన పవర్‌టాప్ అనే ప్రోగ్రాము, ఏయే ప్రోగ్రాములు అనవసరంగా ప్రాసెసరును మేల్కొలుపుతున్నాయో జాబితాగా చూపింది. కెర్నెలు ఎంత పొదుపుగా ఉన్నా పైనున్న ప్రోగ్రాములు నిద్ర చెడగొడితే ఫలితం ఉండదని దీని వల్ల స్పష్టమైంది.

పరికరాల విద్యుత్ నిర్వహణ

యంత్రం మొత్తం పనిచేస్తుండగానే ఖాళీగా ఉన్న ఒక్కొక్క పరికరాన్ని నిద్రపుచ్చే పద్ధతిని రన్‌టైమ్ విద్యుత్ నిర్వహణ అంటారు. రఫాయెల్ వైసాకీ రూపొందించిన ఈ వ్యవస్థ 2009లో 2.6.32తో చేరింది. ప్రతి పరికరానికి సిస్ఎఫ్ఎస్‌లో "పవర్/కంట్రోల్" అనే ఫైలు ఉంటుంది. అందులో "ఆటో" అని రాస్తే పరికరం అవకాశం దొరికినపుడు నిద్రపోవచ్చు; "ఆన్" అని రాస్తే మేల్కొనే ఉండాలి.

యూఎస్‌బీ పరికరాలకు నిద్రపోయే ముందు వేచి ఉండే సమయం సహజంగా 2 సెకన్లు. అయితే నిద్ర నుండి సరిగా లేవలేని పరికరాలు చాలా ఉండటం వల్ల, హబ్బులను మినహాయించి అధిక భాగం యూఎస్‌బీ పరికరాలకు కెర్నెలు ఈ సౌకర్యాన్ని తనంతట తాను వర్తింపజేయదు. సాటా డిస్కుల లింకు విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. కొన్ని డిస్కులు తక్కువ విద్యుత్తు స్థితిని భరించలేవు కనుక, వాటికి ఆ సౌకర్యాన్ని నిలిపివేసే జాబితా ఒకటి కెర్నెలులోనే ఉన్నది.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులను ఖాళీ సమయంలో తక్కువ విద్యుత్తు స్థితికి పంపే ఏర్పాటును ఏఎస్‌పీఎమ్ అంటారు. దీనికి సంబంధించి 2011లో జరిగిన ఉదంతం ప్రసిద్ధమైనది. ఈ యంత్రంలో ఏఎస్‌పీఎమ్ వాడరాదని ఫర్మ్‌వేరు ఒక ఏసీపీఐ పట్టికలోని ఒకే ఒక్క బిట్టు ద్వారా చెప్పవచ్చు. 2011 మార్చిలో విడుదలైన 2.6.38లో, ఆ బిట్టు కనిపించగానే పరికరాలలో ఏఎస్‌పీఎమ్‌ను కెర్నెలు పూర్తిగా ఆపివేయడం మొదలుపెట్టింది. అయితే అనేక ల్యాప్‌టాపులలో ఫర్మ్‌వేరు ఆ బిట్టు పెడుతూనే, కొన్ని పరికరాలలో ఏఎస్‌పీఎమ్‌ను తానే ముందుగా ప్రారంభించి ఉంచేది. ఫలితంగా అటువంటి ల్యాప్‌టాపులలో విద్యుత్తు వాడకం పెరిగింది. విండోస్ ఆ బిట్టు చూసినపుడు ఫర్మ్‌వేరు చేసిన అమరికను ముట్టుకోకుండా వదిలేస్తుందని గ్రహించిన మాథ్యూ గారెట్, లినక్సు కూడా అలాగే ప్రవర్తించేలా మార్పు చేశాడు. ఇది 2012లో 3.3తో అందుబాటులోకి వచ్చింది. ప్రమాణం చెప్పే మాట ఒకటి, యంత్రాలలో ఆచరణ మరొకటి అయినపుడు కెర్నెలు రచయితలు ఎదుర్కొనే చిక్కుకు ఇది చక్కని ఉదాహరణ.

సస్పెండు, హైబర్నేషను

సస్పెండు చేయడానికి "/సిస్/పవర్/స్టేట్" అనే ఫైలులో "మెమ్" అని, హైబర్నేషనుకు "డిస్క్" అని రాయాలి. కెర్నెలు ముందుగా ప్రోగ్రాములన్నిటినీ స్తంభింపజేసి, తరువాత పరికరాలను ఒక క్రమంలో నిద్రపుచ్చి, చివరకు ఫర్మ్‌వేరుకు నియంత్రణ అప్పగిస్తుంది. ఏ ఒక్క డ్రైవరు నిరాకరించినా ప్రక్రియ అక్కడితో ఆగి, యంత్రం తిరిగి మామూలు స్థితికి వస్తుంది.

2013లో 3.9తో సస్పెండ్-టు-ఐడిల్ అనే మరొక పద్ధతి వచ్చింది. ఇందులో ఫర్మ్‌వేరు పాత్ర పరిమితం. యంత్రం ఎస్0లోనే ఉంటూ పరికరాలను, ప్రాసెసరును వీలైనంత లోతైన విశ్రాంతికి పంపుతుంది. 2020 తరువాత వచ్చిన అనేక ల్యాప్‌టాపులలో ఎస్3 స్థితి లేదు, ఈ పద్ధతి ఒక్కటే ఉన్నది. యంత్రం ఏ పద్ధతులను అనుమతిస్తుందో "/సిస్/పవర్/మెమ్_స్లీప్" ఫైలులో చూడవచ్చు. ఈ పద్ధతిలో ఒక్క పరికరం మేల్కొని ఉన్నా యంత్రం లోతైన స్థితికి చేరలేకపోవచ్చు. అప్పుడు మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాపు వేడెక్కి, కొన్ని గంటలలోనే బ్యాటరీ ఖాళీ కావచ్చు. హార్డువేరు మద్దతు పూర్తిగా లేకపోతే విద్యుత్ ఆదా ఉండదనడానికి ఇదే ప్రబలమైన నిదర్శనం.

హైబర్నేషనులో మెమరీ చిత్రం సాధారణంగా స్వాప్ విభాగంలో భద్రపరచబడుతుంది. చిత్రం పరిమాణాన్ని మెమరీలో సుమారు 5లో 2 వంతులకు పరిమితం చేయడానికి కెర్నెలు సహజంగా ప్రయత్నిస్తుంది. తిరిగి ప్రారంభమైనపుడు ఆ స్వాప్ ఎక్కడున్నదో "రెజ్యూమ్" అనే ప్రారంభ పరామితి ద్వారా చెప్పవచ్చు.

హైబర్నేషనులో ఉన్న యంత్రం డిస్కును వేరొక ఆపరేటింగు సిస్టముతో తెరచి మార్పులు చేయరాదు. మెమరీ చిత్రంలో డిస్కు గురించిన పాత సమాచారం ఉంటుంది. మేల్కొన్న కెర్నెలు దానినే నమ్మి డిస్కుపై రాయడం వల్ల ఫైలు వ్యవస్థ పాడైపోయి, సమాచారం పోవచ్చు. మరొక సంగతి: 2019లో 5.4తో వచ్చిన లాక్‌డౌన్ విధానం అమలులో ఉన్నపుడు సాధారణ హైబర్నేషను అనుమతించబడదు. డిస్కుపై ఉన్న చిత్రాన్ని ఎవరైనా మార్చి కెర్నెలులోకి చొరబడకుండా ఈ నిబంధన ఏర్పడింది.

లోపాలను కనుగొనడం

సస్పెండు విఫలమైతే తెర నల్లగా ఉండిపోతుంది కనుక కారణం తెలుసుకోవడం కష్టం. దీని కోసం కాన్ఫిగరేషనులో విద్యుత్ నిర్వహణ డీబగ్ ఎంపికను చేర్చుకోవాలి. అప్పుడు "/సిస్/పవర్/పీఎమ్_టెస్ట్" అనే ఫైలు లభిస్తుంది. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అనే అంచెలు ఉన్నాయి. ఒక అంచెను ఎంచుకొని సస్పెండు చేస్తే, కెర్నెలు అంతవరకే వెళ్ళి, సుమారు 5 సెకన్లు ఆగి వెనక్కు వస్తుంది. ఫ్రీజర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క అంచె ముందుకు సాగితే లోపం ఎక్కడున్నదో తేలుతుంది. డివైసెస్ అంచెలో విఫలమైతే అనుమానించదగిన మాడ్యూళ్ళను ఒక్కొక్కటిగా తొలగించి మళ్ళీ పరీక్షించాలి. డ్రైవర్లను మాడ్యూళ్ళుగా ఉంచుకోవడం వల్ల కలిగే ప్రయోజనాలలో ఇది ఒకటి.

యంత్రం పూర్తిగా బిగుసుకుపోయే సందర్భాలకు పీఎమ్ ట్రేస్ అనే ఉపాయాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2006లో చేర్చాడు. విద్యుత్తు తీసినా చెరగనిది యంత్రంలోని గడియారం మాత్రమే కనుక, మేల్కొనే ప్రక్రియ ఎంతవరకు వచ్చిందో కెర్నెలు ఆ గడియారంలోనే సంకేతంగా రాస్తుంది. యంత్రాన్ని వెంటనే తిరిగి ప్రారంభించి డీమెసెజ్ చూస్తే ఆ సంకేతానికి సరిపోయే పరికరం పేరు కనిపిస్తుంది. ఈ ప్రయోగం తరువాత తేదీ, సమయం తప్పుగా ఉంటాయి, వాటిని సరిచేయాలి.

కంప్యూటరు అసలు ప్రారంభం కానపుడు "ఏసీపీఐ=ఆఫ్" అనే పరామితితో ప్రయత్నించడం వాడుకలో ఉన్నది. ఇది లోపం ఏసీపీఐలో ఉన్నదా లేదా అని తెలుసుకోవడానికి పనికివస్తుంది. శాశ్వత పరిష్కారంగా వాడితే బ్యాటరీ సమాచారం, సస్పెండు వంటి సౌకర్యాలు కోల్పోవలసి వస్తుంది.

మొబైలు పరికరాలలో

ఏఆర్ఎమ్ ప్రాసెసర్లపై నడిచే ఫోన్లు, చిన్న బోర్డులలో అధిక భాగం ఏసీపీఐని వాడవు. వాటిలోని పరికరాలు చాలావరకు తమను తాము తెలియజేసుకోలేవు. అందువల్ల బోర్డుపై ఏమేమి ఉన్నాయో డివైస్ ట్రీ అనే వర్ణన ఫైలులో రాసి కెర్నెలుకు అందిస్తారు. విద్యుత్తు, గడియార సంకేతాలు ఏ పరికరానికి ఎక్కడి నుండి వస్తాయో కూడా అందులోనే ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లు వీలైనప్పుడల్లా తమంతట తాము నిద్రపోవాలి, కానీ అదే క్షణంలో వచ్చే కాల్‌ను పోగొట్టుకోరాదు. దీనికి గూగుల్ వేక్‌లాక్ అనే పద్ధతిని వాడింది. దానిని ప్రధాన కెర్నెలులో చేర్చే విషయమై దీర్ఘమైన చర్చ జరిగింది. చివరకు ఇదే ప్రయోజనాన్ని నెరవేర్చే వేరొక ఏర్పాటు 2010లో 2.6.36తో మొదలై, 2012లో 3.5తో వేక్‌లాక్‌లకు సమానమైన సౌకర్యంగా రూపుదిద్దుకున్నది.

జాగ్రత్తలు

* కొత్త కెర్నెలు పూర్తిగా పరీక్షించేవరకు పాత కెర్నెలును బూట్ మెనూలో ఉంచాలి.
* సరిగా పనిచేస్తున్న డాట్ కాన్ఫిగ్ ఫైలు ప్రతిని వేరే చోట భద్రపరచాలి.
* ఒకేసారి అనేక ఎంపికలు మార్చరాదు. అలా మారిస్తే లోపానికి ఏది కారణమో తెలియదు.
* పరికరం వాడకపోయినా, దాని డ్రైవరును తీసివేసే ముందు, తీసివేసిన తరువాత బ్యాటరీ వాడకాన్ని పోల్చి చూడాలి.
* సస్పెండు, హైబర్నేషను మొదటిసారి పరీక్షించే ముందు తెరచి ఉన్న ఫైళ్ళను భద్రపరచి, సింక్ ఆదేశం ఇవ్వాలి.